ఈస్ట్ బెంగాల్ ఓడిన రాత్రి

ప్రశ్న: మా అమ్మాయి కలకత్తాలో ఉద్యోగం చేస్తూ అక్కడి అబ్బాయినే పెళ్ళి చేసుకుంది. అల్లుడు బంగారం లాంటివాడు. కానీ ఈస్ట్ బెంగాల్‌కీ మోహన్ బగాన్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే అతనూ, మా వియ్యంకుడు గారూ మనలోకంలో ఉండరు. ఈస్ట్ బెంగాల్ ఓడితే ఆ రాత్రి ఇద్దరూ అన్నం ముట్టరట. ఆ జట్టులో వీళ్ళ చుట్టాలు ఒక్కరూ లేరు. మన హైదరాబాద్ జట్టు కూడా 2022లో కప్పు గెలిచిందట, మా వీధిలో ఎవరికీ తెలియదు. ఇంతటి అభిమానం ఎలా పుడుతుందండీ?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే నాకు ఖరగ్‌పూర్ గుర్తొచ్చింది. మా నాన్న అక్కడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. మా వరసలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే. పక్క క్వార్టర్‌లో మాత్రం తూర్పు బెంగాల్లోని బారిసాల్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడని మేమంతా జేఠిమా అనేవాళ్ళం, మన పెద్దమ్మ అన్నట్టు. మా ఇంట్లో రేడియో లేదు. మ్యాచ్ రోజు వాళ్ళ వంటింటి గుమ్మం దగ్గర, బియ్యం డబ్బా పక్కన నా చోటు.

1975 సెప్టెంబరు 30న ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ అనే కలకత్తా ఫుట్‌బాల్ పోటీ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ని ఓడించింది. నాకప్పుడు పదకొండేళ్ళు. అయిదో గోల్ పడ్డాక జేఠిమా ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు ఆవపిండి పెట్టి వండిన ఇలీష్ చేప గిన్నెడు మా ఇంటికి పంపింది. ఇలీష్ అంటే వేరే ఏదో కాదమ్మా, మీ గోదావరికి వరదల్లో ఎదురెక్కి వచ్చే పులసే. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వాళ్ళ ఇళ్ళలో ఇలీష్, మోహన్ బగాన్ గెలిస్తే అవతలి వాళ్ళ ఇళ్ళలో పెద్ద రొయ్యలు. బెంగాల్లో ఇది వంటింటి దాకా వెళ్ళిన అభిమానం.

ఆ ఏడుపు ఎందుకో నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. మోహన్ బగాన్ 1889లో పుట్టిన క్లబ్బు. 1911లో చెప్పుల్లేని కాళ్ళతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనికుల జట్టుని ఓడించి షీల్డు గెలిచింది. అప్పుడది బెంగాలీలందరిదీ. 1920లో జోడాబగాన్ అనే జట్టు తూర్పు బెంగాల్ ఆటగాణ్ణి ఒకణ్ణి మ్యాచ్ నుంచి తప్పించింది. ఆ అవమానం పడలేక కొందరు బయటికొచ్చి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెట్టుకున్నారు. దేశ విభజన ఆ పంతాన్ని ఇంకెక్కడికో తీసుకెళ్ళింది. లక్షల మంది ఇల్లూ పొలమూ వదిలి కలకత్తా చేరారు. స్థానికులు తమని తాము ఘొటీలు అనుకున్నారు, వచ్చినవాళ్ళని బాంగాల్‌లు అన్నారు, యాసని వెక్కిరించారు. మోహన్ బగాన్ స్థానికుల జట్టయింది, ఈస్ట్ బెంగాల్ వచ్చినవాళ్ళ జట్టయింది. 1955లో తూర్పు బెంగాల్ తూర్పు పాకిస్తాన్ అయింది, 1971లో బంగ్లాదేశ్ అయింది. పటం మీద ఆ పేరు పోయింది. మిగిలింది ఆ క్లబ్బుకే. జేఠిమా రేడియోలో వినేది తన ఊరి పేరు. గంటన్నర సేపు ఎవరో దాన్ని గట్టిగా పలుకుతూ ఉంటారు, వేల మంది దానికి జేజేలు కొడతారు. శరణార్థిగా వచ్చిన మనిషికి అంతకంటే ఏం కావాలి?

మరి తెలుగు పిల్లాడినైన నాకు అది ఎలా అంటుకుంది? మొదట మా నాన్న వల్ల. హైదరాబాద్ నుంచి వెళ్ళిన మహమ్మద్ హబీబ్ ఆట గురించి ఆయన ఇంటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పేవారు. హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కి ఆడాడు, మోహన్ బగాన్‌కీ ఆడాడు. 1977లో పెలే తన జట్టు న్యూయార్క్ కాస్మోస్‌తో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్‌తో మ్యాచ్ 2-2. మోహన్ బగాన్ వైపు ఒక గోల్ హబీబ్‌ది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి, హబీబ్‌తో పాటు నేనూ మోహన్ బగాన్‌కి మారిపోవచ్చా అని జేఠిమాని అడిగాను. ఆవిడ కోప్పడలేదు. "హబీబ్ మంచి పిల్లాడు, ఎక్కడున్నా బాగా ఆడాలి. నువ్వు మాత్రం వచ్చే మ్యాచ్‌కి ఇక్కడికే రా" అంది. వెళ్ళాను. ఇప్పటికీ నాది ఈస్ట్ బెంగాలే. ఆటగాడి మీద ప్రేమ ఆటగాడితో పాటు తిరుగుతుంది. జట్టు మీద ప్రేమ మనం కూర్చుని విన్న చోటికి అతుక్కుంటుంది.

హైదరాబాద్ సంగతి నాకు నిజంగా బాధ. 1950 నుంచి 54 దాకా బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు పోటీని వరుసగా అయిదుసార్లు గెలిచిన పోలీసు జట్టు ఉన్న ఊరు. ఆ జట్టు కోచ్ రహీమ్ సాబ్ ఊరు. హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో మొదలైంది. ఒక్క సీజన్ గచ్చిబౌలిలో ఆడేసరికి కోవిడ్ వచ్చిపడింది. తర్వాతి రెండు సీజన్లూ గోవాలోనే. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పెత్తిందీ గోవాలోనే. 2025లో ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. తండ్రి కొడుకుని భుజాల మీద కూర్చోబెట్టుకుని స్టేడియానికి తీసుకెళ్ళే వ్యవధి ఏదమ్మా? మీ వీధివాళ్ళ తప్పేమీ లేదు.

ఈ అభిమానం ప్రాణాలు తీసిన రోజూ ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో గొడవ జరిగి పదహారు మంది చనిపోయారు. ఏటా ఆ తేదీన అక్కడ అభిమానులు రక్తదానం చేస్తారు. అమ్మాయి భయపడితే ఈ రెండు సంగతులూ కలిపి చెప్పండి.

ఇక మ్యాచ్ ఓడిన రాత్రి "ఆటే కదా" అని మాత్రం అనొద్దని అమ్మాయికి చెప్పండి. మీరు కలకత్తా వెళ్ళినప్పుడు వియ్యంకుడు గారి పక్కన తీరిగ్గా కూర్చుని, వాళ్ళ పెద్దవాళ్ళు అవతలి నుంచి వచ్చారేమో, వస్తే ఏ జిల్లా నుంచో, ఏ నది ఒడ్డు నుంచో అడగండి. ఆయన ఎంతసేపు చెప్తే అంతసేపు వినండి.