ఉద్యోగం వచ్చాక టీచరుకు ఇంకా చదువెందుకు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్. మా అమ్మాయి బి.ఎస్సీ., బి.ఎడ్. చేసింది. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్లుగా ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతోంది. ఇప్పుడు ఎం.ఏ. ఎడ్యుకేషన్ చేస్తానంటోంది. సెలవొస్తే చాలు, ఫోన్లో ఏవో ట్రైనింగులు. ఏటా చెప్పేది అదే పాఠం కదా, మళ్లీ ఈ చదువులెందుకని ఇంట్లో గొడవ. సంబంధాలు కూడా చూస్తున్నాం. ఏం చెప్పమంటారు? (ఒక తండ్రి)

జవాబు: నమస్కారం అండీ. మీ అమ్మాయిని ఆపకండి. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

పాఠం అదే అన్నారు. నిజమే, కానీ పిల్లలు మారతారు కదండీ. ఒక పిల్లవాడు 52లోంచి 27 తీసేసి 35 అని రాశాడనుకోండి. ఎర్ర పెన్నుతో కొట్టేసి, సరైన జవాబు బోర్డు మీద రాసేస్తే టీచరు పని అయిపోయినట్టే ఉంటుంది. రేపు 81లోంచి 46 తియ్యమంటే వాడే మళ్లీ 45 అంటాడు. ఎందుకంటే వాడు తోచినట్టు రాయడం లేదు. పైన ఏముంది, కింద ఏముంది అని చూడకుండా ఒకట్ల దగ్గరా పదుల దగ్గరా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. వాడి లెక్కలో అదే పద్ధతి. 'ఎలా చేశావురా, నాకు చెప్పు' అని పక్కన కూర్చుని అడిగితేనే ఈ సంగతి బయటపడుతుంది. ఆ తర్వాత చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించి, తీసివేతకు చాలనప్పుడు ఒక కట్ట వాడి చేతే విప్పిస్తే విషయం వాడికే తెలుస్తుంది. ఇలాంటివి బి.ఎడ్.లో చెప్పే ఉంటారు. కానీ నాలుగేళ్లు క్లాసులో నిలబడ్డాక మళ్లీ చదివితే బుర్రకెక్కినట్టు అప్పుడు ఎక్కవు. మీ అమ్మాయికి ఇప్పుడు చదవాలనిపించడంలో ఆశ్చర్యం లేదు, సరైన వయసులోనే అనిపించింది.

పైగా మన సరిహద్దు స్కూళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఒకే బెంచీ మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, ఒడియా మాట్లాడేవాడు, కొండల్లోని గిరిజనుల భాష సవర మాట్లాడేవాడు కూర్చుంటారు. 'ఎలా చేశావు' అని అడిగితే ఆ పిల్లవాడు ఏ భాషలో చెప్పాలి? టీచరుకు అది అర్థం కావాలి కదా.

దీనికి జవాబు మన పక్క ఊళ్లోనే దొరుకుతుంది. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరేనాటికి ఆయన చదువు మెట్రిక్యులేషనే. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా కట్టి బి.ఏ. పాసయ్యారు. చుట్టూ ఉన్న కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాశారు, బళ్లు పెట్టించారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. అప్పటికి ఆయనకు డెబ్భై దగ్గర పడ్డాయి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపినప్పుడు మనం వ్యావహారిక భాష గురించే మాట్లాడతాం. ఆయన చదువు ఆపని బడిపంతులు అన్న సంగతి కూడా ఆ రోజు చెప్పుకోవాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక ఉద్యోగం వైపు నుంచి. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటల శిక్షణ తీసుకోవాలి. అంటే వారానికి గంట. టీచర్ల కోసం ప్రభుత్వం పెట్టిన దీక్షా యాప్‌లో ఇలాంటి కోర్సులు ఉచితంగానే ఉన్నాయి. మీ అమ్మాయి ఫోన్లో చూస్తున్నవీ అలాంటివే కావచ్చు, ఒకసారి పక్కన కూర్చుని చూడండి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వినే ఉంటారు. టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, లేకుండా ఎప్పుడో చేరిన టీచర్లలో ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాల్సిందేనంది. ఏళ్ల తరబడి పుస్తకం ముట్టని వాళ్లకు ఒక్కసారిగా ఎంత టెన్షనో ఆలోచించండి. చదివే అలవాటు ఉన్నవాళ్లకు అది ఇంకో పరీక్ష, అంతే.

అందుకే నా సలహా, ఎం.ఏ. కంటే ముందు ఒడిశా టెట్‌లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల టీచర్లకు ఉండే రెండో పేపరు రాయమనండి. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. సెంట్రల్ స్కూళ్ల ఆశ ఉంటే కేంద్రం పెట్టే టెట్, అదే సీటెట్ కూడా రాయొచ్చు. ఆమె చదువు ఆంధ్రా వైపు సాగి ఉంటే ఒడియా చదవడం, రాయడం గట్టిగా నేర్చుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ పోస్టుకు అది తప్పదు, క్లాసులో అంతకన్నా తప్పదు.

తర్వాత ఎం.ఏ. ఎడ్యుకేషన్. ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్యలో చేయొచ్చు, దాని ప్రాంతీయ కేంద్రం కోరాపుట్‌లో ఉంది. ఎం.ఎడ్. మాత్రం వేరు, అది కాలేజీకి వెళ్లి చదవాల్సిన కోర్సు, ఉద్యోగం మానుకోవాల్సి వస్తుంది. ముందుముందు టీచర్లకే పాఠం చెప్పాలని ఉందా, స్కూల్లోనే ఉండాలని ఉందా అని ఆమెను అడగండి. ఏ కోర్సు అన్నది దాన్నిబట్టే తేల్చుకోవాలి. ఇక ఆరు నెలల్లో డిగ్రీ చేతిలో పెడతామనే వాళ్ల జోలికి వెళ్లొద్దు. ఏ యూనివర్సిటీ దూరవిద్యకైనా యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ఇంకో మాట. రోజుకు ఆరేడు పీరియడ్లు నిలబడి చెబితే గొంతు పోతుంది, ఓపిక పోతుంది. చివరి పీరియడ్లో పిల్లల మీద అరిచేది అందుకే. సర్టిఫికెట్లు పోగేసినా ఈ అలసట తీరదు. ఇష్టమైన కథలో నవలో చదువుకోవడం, సాయంత్రం కాస్త నడవడం, తోటి టీచరు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని ఆవిడ ఎలా చెబుతుందో చూడటం, ఇవన్నీ కూడా ఎదుగుదలే. వీటిని సరదాల కింద కొట్టిపారేయొద్దు.

సంబంధాలు చూడండి, తప్పేం లేదు. చదువుకుంటోంది, ఉద్యోగం మానదు అని మొదటి మాటల్లోనే అబ్బాయి వాళ్లకు చెప్పేయండి. అది నచ్చనివాళ్లు అప్పుడే తప్పుకుంటారు. ఫీజు ఆమె జీతంలోంచి కట్టుకోగలదు. మీ నుంచి కావాల్సిందల్లా టెట్ అయ్యేదాకా ఆదివారం పూట ఓ నాలుగు గంటలు ఆమెకు ఇంటి పని చెప్పకుండా ఉండటం.