భానుమతి గారి సినిమాల్లో మొదట ఏది చూడాలంటే

భానుమతి గారంటే ‘మంగమ్మగారి మనవడు’లో బామ్మగానే తెలుసు, హీరోయిన్‌గా చేసినవాటిలో ఏవి చూడాలి అని అడిగారు కదా. నాకూ చిన్నప్పుడు ఆవిడ బామ్మగానే తెలుసు. 1984లో వచ్చిన ఆ సినిమాలో బాలకృష్ణని అదిలించే గొంతు పాతికేళ్ల వయసులో ఎలా ఉండేదో వినాలంటే ‘మల్లీశ్వరి’ (1951)తోనే మొదలుపెట్టండి, ఇంకోటి చెప్పను.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకుని చూడండి. ఆవిడ పాటలు ఆవిడే పాడుకున్నారు. ఆ రోజుల్లో చాలామంది హీరోయిన్లకి లీల గారో, జిక్కి గారో, సుశీల గారో పాడేవాళ్లు, దానికి తగ్గట్టు నటించడం కూడా పెద్ద విద్యే, కాదనను. కానీ భానుమతి గారి దగ్గర మాట ఎక్కడ ఆగిందో పాట ఎక్కడ అందుకుందో తెలియదు, రెండూ ఒకే మనిషివి కాబట్టి. నేను కొన్నాళ్లు సంగీతం నేర్చుకున్నాను. ‘మల్లీశ్వరి’లోని ‘మనసున మల్లెల’ పాడి వినిపిస్తే మా మాస్టారు “స్వరాలన్నీ పడ్డాయి గానీ, నువ్వు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు లేదమ్మా” అన్నారు. ఇంటికొచ్చి మళ్లీ సినిమా పెట్టుకుని ఆ పాట దగ్గరే కూర్చున్నాను. తుంగభద్ర ఒడ్డున బావ నాగరాజు (ఎన్టీఆర్) కోసం చూస్తూ మల్లి (భానుమతి గారు) పాడేది పక్కవాళ్లకి వినిపించాలని కాదు, తనలో తను అనుకుంటున్నట్టే ఉంటుంది. కృష్ణశాస్త్రి గారి మాటలు, సాలూరి రాజేశ్వరరావు గారి బాణీ, ఆవిడ గొంతు, మూడింట్లో ఏది తీసేసినా ఆ పాట లేదు.

ఇక కథ. ఎద్దులబండిలో ‘పరుగులు తీయాలి’ అంటూ వస్తున్న బావామరదళ్లు వాన రాత్రి సత్రంలో దిగుతారు, అక్కడ మల్లి ‘పిలచిన బిగువటరా’కి ఆడుతుంది, మారువేషంలో ఉన్న రాయలవారిని ఎన్టీఆర్ మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని సరదాకి అడుగుతాడు, ఆ పల్లకీ నిజంగానే వచ్చేస్తుంది! అక్కణ్నుంచి భానుమతి గారి ముఖం చూడండి. బండిలో గలగలమన్న పిల్ల రాణివాసంలో ఎంత తక్కువ మాట్లాడుతుందో, ‘ఎందుకే నీకింత తొందర’ అని చిలకతో పాడుతుంటే ఆ తొందరంతా ఎవరిదో మనకి ఎలా తెలిసిపోతుందో. డైరెక్టరు బి.ఎన్.రెడ్డి గారు ఎక్కడా హడావిడి పడరు, మొదటి అరగంట నెమ్మదిగా ఉందని మానేయకండి, దయచేసి.

దాని తర్వాత ‘విప్రనారాయణ’ (1954). భర్త రామకృష్ణ గారే డైరెక్టరు, వాళ్ల సొంత సంస్థ భరణీ తీసిన సినిమా. దేవదేవి అనే వేశ్య పంతం పట్టి భక్తుణ్ని లొంగదీసుకుంటుంది. ‘ఎందుకోయీ తోటమాలి’ అని ఏఎన్నార్‌ని కవ్వించే గొంతే, జయదేవుడి ‘సా విరహే’ దగ్గరికొచ్చేసరికి వేరే మనిషిది అనిపిస్తుంది. నన్నడిగితే నటనలో మల్లి కన్నా దేవదేవే కష్టం. మల్లిని ప్రేమించడానికి మనకి అడ్డేమీ లేదు, దేవదేవిని మాత్రం ముందు కోపంగా చూసి తర్వాత క్షమించాలి, ఆ ప్రయాణమంతా ఆవిడే చేయించారు.

నవ్వుకోవాలంటే అదే ఏడాది వచ్చిన ‘చక్రపాణి’ చూడండి, పిసినారి తాత ఆస్తి కోసం అరువు తెచ్చుకున్న పసివాడు, అరువు మొగుడు. దీనికి సంగీతం కూడా ఆవిడదే. ‘చండీరాణి’ (1953)లో ద్విపాత్రాభినయం చేస్తూ తెలుగు, తమిళం, హిందీ మూడింటికీ తనే దర్శకత్వం వహించారు. అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా లేవు! సినిమాగా అది మిగతావాటి స్థాయిలో ఉండదు, అయినా ‘ఓ తారకా నవ్వులేల’ కోసం చూడొచ్చు. ‘స్వర్గసీమ’ (1945) మాత్రం ‘ఓహో పావురమా’ పాట విని, నచ్చితేనే మొత్తం చూడండి, పాత సినిమాల నడక అలవాటు లేనివాళ్లకి కష్టం.

చాలామంది ‘మిస్సమ్మ’ సంగతి ఎత్తుతారు. మొదట ఆవిడతోనే కొంత షూటింగ్ జరిగి, నిర్మాతలతో పొసగక బయటికొచ్చేస్తే ఆ వేషం సావిత్రి గారికి వెళ్లింది. సావిత్రి గారిని అందులో చూశాక ఇంకొకర్ని ఊహించలేం, అది ఒప్పుకోవాల్సిందే. కానీ భానుమతి గారిని పొగరుబోతు అని తేల్చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. సొంత స్టూడియో, రాయడం, పాడటం, డైరెక్షన్ అన్నీ చేతిలో ఉన్న మనిషి ఎవరి ముందైనా ఎందుకు తలవంచుకుని నిలబడాలి?

‘బాటసారి’ (1961) మాత్రం ఖాళీగా ఉన్న రోజు ఒక్కరే చూడండి. బెంగాలీ రచయిత శరత్ కథ, బాలవితంతువుగా ఆవిడ నటన, అంతా లోపల్లోపలే. ఇంట్లో అందరితో కలిసి చూసేది కావాలంటే ‘అంతస్తులు’ (1965), ‘దులపర బుల్లోడో’ రాగానే మీ అమ్మగారు గానీ అమ్మమ్మగారు గానీ పక్కన కూర్చుని అందుకోకపోతే అడగండి.