విండోస్ ప్రోగ్రామ్‌లో వెబ్ డేటాను ఫైల్‌గా దించకుండా నేరుగా మెమరీలోకి తెచ్చుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సి షార్ప్‌లో విండోస్ ఫారమ్స్ ప్రోగ్రామ్ రాశారు. పది నిమిషాలకోసారి వెబ్ నుంచి ఒక బొమ్మనూ, కొంచెం తెలుగు టెక్స్ట్‌నూ టెంప్ ఫోల్డర్‌లోకి దించి, మళ్లీ ఆ ఫైళ్లు తెరిచి తెర మీద చూపిస్తున్నారు. రెండోసారి దించేటప్పుడు 'ఈ ఫైల్‌ను వేరే ప్రోగ్రామ్ వాడుతోంది' అని ఎర్రర్ వస్తోంది. మధ్యలో ఈ ఫైల్ గొడవ లేకుండా డేటాను నేరుగా మెమరీలోకి తెచ్చుకోవచ్చా అని అడిగారు.

తెచ్చుకోవచ్చు. ఒక్క లైను పని. సి షార్ప్‌కు ఆధారమైన డాట్‌నెట్‌లో హెచ్‌టీటీపీక్లయింట్ అనే క్లాసు ఉంది, దాని గెట్‌బైట్‌అర్రేఅసింక్‌ను పిలిస్తే బైట్లన్నీ ఒక అర్రేగా చేతికొస్తాయి. ఆ అర్రేతో మెమరీస్ట్రీమ్ (మెమరీలోనే ఉండే, ఫైల్‌లా చదువుకోగలిగే వస్తువు) తయారుచేసి ఇమేజ్ క్లాసులోని ఫ్రమ్‌స్ట్రీమ్‌కు ఇస్తే బొమ్మ సిద్ధం. టెక్స్ట్‌కైతే గెట్‌స్ట్రింగ్‌అసింక్ చాలు. పైథాన్ వాడేవాళ్లకు రిక్వెస్ట్స్ లైబ్రరీలో కంటెంట్ అనే ప్రాపర్టీ ఇదే పని చేస్తుంది. ఫైల్‌లాంటిదే కావాలనుకుంటే దాన్ని బైట్స్‌ఐఓకి ఇవ్వాలి. డెల్ఫీలోనైతే ఇండీ కాంపొనెంట్ గెట్‌కు ఫైల్‌స్ట్రీమ్ బదులు మెమరీస్ట్రీమ్ ఇస్తే సరి.

అన్నట్టు, ఆ ఎర్రర్ చెబుతున్న 'వేరే ప్రోగ్రామ్' చాలావరకు మీ ప్రోగ్రామే అయివుంటుంది. ఇమేజ్ క్లాసులోని ఫ్రమ్‌ఫైల్‌తో బొమ్మ తెరిస్తే, ఆ బొమ్మను డిస్పోజ్ చేసేదాకా, అంటే ఇక అక్కర్లేదని వదిలేసేదాకా, ఫైల్‌కు తాళం పడి ఉంటుంది. యాంటీవైరస్‌ను తిట్టుకుంటూ నేనూ ఒక వారం పోగొట్టుకున్నాను.

సమాధానం ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఈ ఒక్క లైను రాశాక నేను పడ్డ తంటాలే అసలు చెప్పాల్సినవి.

మాది విశాఖ. ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్ల యజమానులు కొందరు కలిసి నడుపుకునే చిన్న ఆఫీసుకు నేనొక ప్రోగ్రామ్ రాసిచ్చాను. గోడకు ఒక టీవీ, దాని వెనక ఒక పాత కంప్యూటర్. టీవీ తెరలో పైన, కైలాసగిరి కొండ మీదున్న వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ బొమ్మ, కింద తెలుగులో గాలి, అలల హెచ్చరిక. వేటకు వెళ్లే ముందు బోట్లు నడిపే సరంగులు వచ్చి ఓసారి చూసుకుంటారు. మొదటిది పాత విజువల్ బేసిక్ 6లో రాశాను. అందులో యూఆర్‌ఎల్‌డౌన్‌లోడ్‌టుఫైల్ అనే విండోస్ ఫంక్షన్‌తో బొమ్మను ఫైల్‌గా దించేవాణ్ని. నెల రోజులు ఏ ఫిర్యాదూ లేదు. ఒకరోజు పెద్దవయసు యజమాని ఒకాయన ఫోన్ చేసి, "ఏటి బాబూ, బయట వాన దంచేస్తోంటే నీ టీవీలో మబ్బు రెండు గంటల్నుంచి అక్కడే ఉండిపోనాది?" అన్నాడు.

వెళ్లి చూస్తే నిజమే. ప్రోగ్రామ్ మాత్రం ప్రతిసారీ 'డౌన్‌లోడ్ విజయవంతం' అని లాగ్‌లో రాసుకుంటోంది. ఆ ఫంక్షన్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కాష్ (ఒకసారి దించినవాటిని డిస్క్ మీద దాచుకునే చోటు) మీదుగా పనిచేస్తుంది. రాడార్ బొమ్మ ఎప్పుడూ ఒకే చిరునామాలో ఉంటుంది, లోపలి బొమ్మే మారుతుంది. కాష్‌లో ఆ చిరునామాతో ఒక బొమ్మ అప్పటికే ఉంది కాబట్టి విండోస్ దాన్నే తీసి నాకు ఫైల్‌గా కాపీ చేసి ఇస్తోంది. నెట్ దాకా వెళ్లడమే లేదు.

మెమరీలోకి దించుకుంటే ఈ బాధ ఉండదనుకుని విండోస్‌లోనే ఉండే విన్‌ఐనెట్ అనే లైబ్రరీకి మారాను. ఇంటర్నెట్‌ఓపెన్‌యూఆర్‌ఎల్‌తో తెరిచి, ఇంటర్నెట్‌రీడ్‌ఫైల్‌తో బఫర్‌లోకి చదవడం. నా కోడ్‌లో ఫైల్ లేదు, డిస్క్ లేదు, అంతా మెమరీయే. అయినా మబ్బు కదల్లేదు! విన్‌ఐనెట్ కూడా అదే కాష్‌ను వాడుతుంది, మనం మెమరీలోకి చదువుతున్నా వెనకాల డిస్క్ మీద కాపీ పెడుతుంది. రీలోడ్ ఫ్లాగ్, కాష్‌లో రాయొద్దని చెప్పే ఫ్లాగ్ రెండూ ఇచ్చాకే నిజంగా 'నేరుగా' అయింది. డిస్క్ మీద జాడ మిగలకూడదన్నది మీ ఉద్దేశమైతే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. విండోస్‌లోనే ఉన్న మరో లైబ్రరీ విన్‌హెచ్‌టీటీపీకి ఈ కాష్ లేదు. డాట్‌నెట్ హెచ్‌టీటీపీక్లయింట్ కూడా తనంతట తానుగా డిస్క్ మీద ఏదీ దాచదు.

ఆ విన్‌ఐనెట్ కోడ్‌లోనే ఇంకో తప్పు చేశాను. ఇంటర్నెట్‌రీడ్‌ఫైల్‌ను ఒక్కసారే పిలిచి, మొత్తం వచ్చేసిందనుకున్నాను. నా దగ్గర వైర్ కనెక్షన్ మీద బాగానే వచ్చేది. హార్బర్‌లో మొబైల్ నెట్ మీద మాత్రం బొమ్మ పైసగమే కనిపించేది, కింద అంతా బూడిద రంగు. అడిగినన్ని బైట్లూ ఒకే విడతలో వస్తాయన్న హామీ ఏ నెట్‌వర్క్ రీడ్‌కూ లేదు. ఫంక్షన్ సక్సెస్ చెబుతూ సున్నా బైట్లు ఇచ్చేదాకా తిప్పి తిప్పి చదవాలి. హెచ్‌టీటీపీక్లయింట్ వాడితే ఈ తిప్పడం అదే చూసుకుంటుంది. కానీ స్ట్రీమ్ తీసుకుని మీరే రీడ్ పిలిస్తే ఇదే గోతిలో పడతారు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు అల్లుకోవడం, రంగులేసుకోవడం. టీవీ వైపు చూసేవాడు ఉండడు. ఆ సందులో ప్రోగ్రామ్ మొత్తాన్ని సి షార్ప్‌లోకి తిరగరాశాను. అప్పుడు తెలిసినవి మీకు ఎక్కువ పనికొస్తాయి.

మొదటిది స్తంభించిపోవడం. నేను రాసుకున్న అసింక్ ఫంక్షన్‌ను (డేటా వచ్చేలోగా తెరను ఆపకుండా పనిచేసేదాన్ని) పిలిచి, అవెయిట్ రాయడానికి బద్ధకించి చివర రిజల్ట్ అని తగిలించాను. బటన్ నొక్కగానే విండో బిగుసుకుపోయింది. నెట్ స్లో అనుకుని టీ తాగొచ్చినా అలాగే ఉంది. తెర నడిపే థ్రెడ్ డేటా కోసం ఆగి కూర్చుంటే, వచ్చిన డేటాతో మిగతా పని అదే థ్రెడ్ మీద జరగాలని ఆ ఫంక్షన్ కాచుకుని కూర్చుంటుంది. ఇద్దరూ 'ముందు మీరు' అనుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డట్టు. బటన్ ఈవెంట్‌నే అసింక్ చేసి అవెయిట్ రాయండి. పాత వెబ్‌క్లయింట్‌లోని డౌన్‌లోడ్‌డేటా కూడా బైట్లను నేరుగా మెమరీలోకే ఇస్తుంది కానీ అది పూర్తయ్యేదాకా తెర కదలదు. పైగా డాట్‌నెట్ 6 నుంచి వెబ్‌క్లయింట్‌ను వాడొద్దనే చెబుతున్నారు.

హెచ్‌టీటీపీక్లయింట్‌ను ప్రోగ్రామ్ మొత్తానికి ఒక్కటే పెట్టుకోండి. ప్రతిసారీ కొత్తది చేసి పారేస్తుంటే వాడేసిన సాకెట్లు (నెట్ కనెక్షన్లు) కొంతసేపు అలాగే పడి ఉంటాయి. పది నిమిషాలకోసారికి ఇబ్బంది తెలియదు, సెకనుకోసారి అయితే తెలుస్తుంది.

రెండోది స్ట్రీమ్‌ను తొందరపడి మూసేయడం. మంచి అలవాటు కదా అని మెమరీస్ట్రీమ్‌ను యూజింగ్‌లో (పని కాగానే తనంతట తానే మూసేసే బ్లాకులో) పెట్టాను. బొమ్మ తెర మీద చక్కగా వచ్చింది. దాన్ని సేవ్ చేయబోతే, విండోస్‌లో బొమ్మల పని చూసే జీడీఐ ప్లస్ నుంచి 'జెనెరిక్ ఎర్రర్' అని ఒక్క ముక్క, ఇంకే వివరమూ లేదు. ఫ్రమ్‌స్ట్రీమ్‌తో చేసిన బొమ్మ బతికి ఉన్నంతకాలం దాని స్ట్రీమ్ కూడా తెరిచే ఉండాలి. నేను ఆ బొమ్మ నుంచి కొత్త బిట్‌మ్యాప్ ఒకటి తయారుచేసుకుని, తర్వాత పాత బొమ్మనూ స్ట్రీమ్‌నూ కలిపి వదిలేస్తాను. ఒకవేళ స్ట్రీమ్‌లోకి మీరే డేటా కాపీ చేస్తుంటే, చదివే ముందు పొజిషన్‌ను (ఎక్కడి నుంచి చదవాలో చెప్పే గుర్తును) సున్నాకి తేవడం మరవకండి. లేకపోతే డేటా అంతా ఉండి కూడా ఖాళీగా కనిపిస్తుంది.

మూడోది మెమరీ పెరుగుతూ పోవడం. ఫైల్ లేదు కాబట్టి శుభ్రంగా ఉందనుకున్నాను. మూడో రోజుకు ప్రోగ్రామ్ వందల ఎంబీ తింటోంది. తెర మీద బొమ్మ చూపే పిక్చర్‌బాక్స్‌కు కొత్త బొమ్మ పెడుతున్నానే కానీ పాతదాన్ని డిస్పోజ్ చేయడం లేదు. దించిన ఫైల్ 300 కేబీయే అయినా, 2,000 × 2,000 పిక్సెళ్ల బొమ్మ విప్పాక పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన 1.6 కోట్ల బైట్లు, అంటే దాదాపు 16 ఎంబీ. పది నిమిషాలకోసారి అలాంటిది ఒకటి వదిలేస్తూ పోతే పాత కంప్యూటర్ ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? కొత్తది పెట్టే ముందు పాతదాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకుని, మార్చాక డిస్పోజ్ చేయండి. 85,000 బైట్లకు పెద్దవైన అర్రేలను డాట్‌నెట్ వేరే హీప్‌లో (మెమరీలో వేరే భాగంలో) పెడుతుంది, అక్కడ శుభ్రం చేయడం అరుదు. మీది చిన్న బొమ్మే అయితే దాని గురించి టెన్షన్ పడకండి.

ఇక తెలుగు టెక్స్ట్. దీని గురించి ఇంగ్లీషు సమాధానాల్లో పెద్దగా రాయరు, వాళ్లకు ఆ అవసరమూ తక్కువ. యూటీఎఫ్-8 అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, అందులో మన ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ 3 బైట్లు. 'విశాఖపట్నం' అన్న మాటలో ఇలాంటివి 10 ఉన్నాయి, అంటే 30 బైట్లు. నేను 4,096 బైట్ల ముక్కలుగా చదివి, ఏ ముక్కనాముక్క టెక్స్ట్‌గా మార్చి అతికించేవాణ్ని. 4,096ను 3తో భాగిస్తే 1 మిగులుతుంది. అంతా తెలుగే ఉంటే మొదటి ముక్క చివరే ఒక అక్షరం తెగిపోవాల్సిందే. హెచ్చరికలో 'అలలు' అన్న మాట మధ్యలో ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్లు వచ్చి కూర్చున్నాయి. చిన్న హెచ్చరికలకు రాదు, తుఫాను రోజుల్లో పొడుగాటి హెచ్చరిక వస్తేనే వస్తుంది! కాబట్టి బైట్లన్నీ మెమరీలో పోగయ్యాకే ఒకేసారి యూటీఎఫ్-8గా మార్చండి. ముక్కలుగానే చేయాలంటే డీకోడర్ ఆబ్జెక్ట్ వాడండి, అది తెగిన బైట్లను తర్వాతి ముక్క కోసం దాచుకుంటుంది. తెలుగు మొత్తం తల మీద గీతలున్న ఇంగ్లీషు 'ఏ' అక్షరాల దండలా కనిపిస్తే అది వేరే జబ్బు. యూటీఎఫ్-8 బైట్లను విండోస్ పాత ఎన్‌కోడింగ్‌తో చదివారన్నమాట.

వచ్చింది బొమ్మేనా అన్నది కూడా చూసుకోవాలి. ఒకసారి ఆఫీసు నెట్ ప్లాన్ గడువు అయిపోయింది. అప్పట్లో నేను వాడుతున్నది సెక్యూర్ కాని మామూలు హెచ్‌టీటీపీ చిరునామా. నెట్ ఇచ్చేవాళ్లు మధ్యలో అడ్డుకుని, బొమ్మ బదులు 'రీచార్జ్ చేసుకోండి' అనే వెబ్ పేజీని, అంతా సరిగ్గా ఉందని చెప్పే 200 ఓకేతో పంపారు. ప్రోగ్రామ్ దాన్ని బొమ్మగా తెరవబోయి 'పారామీటర్ ఈజ్ నాట్ వాలిడ్' అని పడిపోయింది. అప్పటినుంచి మొదటి బైట్లు చూడందే తెరవను. గిఫ్ అయితే జీ, ఐ, ఎఫ్ అన్న అక్షరాలతోనే మొదలవుతుంది. పీఎన్‌జీకి మొదటి బైటు 137, తర్వాత పీ, ఎన్, జీ. జేపెగ్‌కు 255, 216.

ఎంత సైజు దాకా మెమరీలోకి తేవచ్చు అంటే, నా మటుకు కొన్ని ఎంబీల దాకా ఆలోచించను. 50 ఎంబీ దాటితే ఫైల్‌కే పంపుతాను, ఎందుకంటే మధ్యలో నెట్ పోతే మెమరీలో ఉన్నదంతా వృథా, ఫైలైతే ఆగిన చోటు నుంచి రేంజ్ హెడర్‌తో (హెడర్ అంటే డేటాకు ముందు వెళ్లే, వచ్చే వివరాల లైను) మళ్లీ అడగొచ్చు, సర్వర్ ఒప్పుకుంటే. మెమరీస్ట్రీమ్ నిండినప్పుడల్లా రెట్టింపవుతుంది, ఆ మారే క్షణంలో పాతదీ కొత్తదీ రెండూ మెమరీలోనే ఉంటాయని కూడా లెక్కేసుకోండి. వచ్చేది ఎంతుంటుందో తెలియనప్పుడు రెస్పాన్స్‌హెడర్స్‌రీడ్ ఆప్షన్‌తో ముందు హెడర్లు మాత్రం తెప్పించుకుని, సైజు చూసి నిర్ణయించవచ్చు. అలా చేస్తే హెచ్‌టీటీపీక్లయింట్ 100 సెకన్ల టైమ్‌అవుట్ హెడర్ల దాకానే పనిచేస్తుంది. ఆ తర్వాత చదివేదానికి మధ్యలో ఆపడానికి పనికొచ్చే క్యాన్సిలేషన్ టోకెన్ మీరే ఇవ్వాలి.

ఇంత చెప్పాక ఒక్క ఫైల్ మాత్రం ఉంచమంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద పడ్డప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటి వేళ కంప్యూటర్ ఒకసారి ఆగి మళ్లీ లేస్తే మెమరీలో ఏమీ మిగలదు. అందుకే బొమ్మ దిగి, పరీక్షలన్నీ దాటి, తెర మీదికి వచ్చాక అవే బైట్లను డిస్క్ మీద కూడా రాస్తాను. వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మారుస్తాను, సగంలో కరెంటు పోయినా పాతది చెడదు. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు నెట్ లేకపోతే అదే చూపిస్తుంది.

బొమ్మ కింద దాని సమయం పెద్ద అక్షరాల్లో వేయండి. మీరు దించిన సమయం కాదు, సర్వర్ పంపే లాస్ట్ మోడిఫైడ్ హెడర్‌లోది. అది గ్రీన్‌విచ్ టైములో ఉంటుంది, 5 గంటల 30 నిమిషాలు కలపాలి. అదే సమయాన్ని తర్వాతి రిక్వెస్ట్‌లో ఇఫ్ మోడిఫైడ్ సిన్స్‌గా పంపితే, బొమ్మ మారనప్పుడు సర్వర్ 304, అంటే 'మారలేదు' అని చెప్పి ఊరుకుంటుంది, డేటా కూడా ఆదా. మా హార్బర్ ఆఫీసులో ఇప్పుడు మబ్బు కంటే ముందు ఆ టైమే చూస్తున్నారు. అరగంట పాతదైతే చాలు, నాకు ఫోన్ వచ్చేస్తుంది.