వంద దాకా చెప్పే పాప ఐదు పిక్కలు ఎందుకు తేలేదు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మీ నాలుగేళ్ల పాప వంద దాకా గడగడా చెబుతుంది, ఐదు చింతపిక్కలు తెమ్మంటే మాత్రం గుప్పెడు తెస్తుంది, ఎందుకని అడిగారు. అంకెల వరస నోటికొచ్చింది. చివర పలికిన అంకే మొత్తమని ఇంకా తెలీదు, అంతే.

మూడుతో మొదలెట్టండి. గుడ్ల అట్టలోంచి మూడు గుంతలు కత్తిరించి, గుంతకో పిక్క వేయిస్తూ ఒక్కో అంకె పలికించండి. "మొత్తం ఎన్ని?" అనగానే మళ్లీ మొదటినుంచి లెక్కపెడితే, వేలితో చుట్టూ గీసి "మూడు, మొత్తం మూడు" అనండి. అవే పిక్కల్ని దూరందూరంగా పరిచి మళ్లీ అడగండి. వరస పొడవైతే పిక్కలు ఎక్కువయ్యాయనుకోవడం ఈ వయసులో మామూలే, దయచేసి కసరకండి. తడబడకుండా చెప్పాకే నాలుగు, ఐదు.

అంగన్వాడీలో ఒడియా అంకెలు నేర్పినా మంచిదే, ఒకే ఆటలో రెండు భాషలు కలపొద్దు. పిక్కలు ముక్కులో దూర్చుకుంటారు, ఆట అయ్యేదాకా పక్కనే ఉండండి.