నానోతంతువులతో వజ్రపు పొర: తేమ సంగతి ఎవరూ రాయరు

పాలిమర్ నానోతంతువుల (వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని ప్లాస్టిక్ పోగుల) సాయంతో సిలికాన్ మీద వజ్రపు పలుచని పొరను నిజంగా పెంచవచ్చా, లేక అది పరిశోధన వ్యాసాలకే పరిమితమా అని అడిగారు. పెంచవచ్చు. చెన్నైలోని ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు స్వయంగా పెంచాను కనుక గట్టిగా చెబుతున్నాను.

నునుపైన సిలికాన్ మీద వజ్రం సులువుగా మొలకెత్తదు. ఏమీ చల్లకుండా ప్లాస్మాలో, అంటే విద్యుదావేశంతో మండే మీథేన్, హైడ్రోజన్ వాయువులలో పెడితే చదరపు సెంటీమీటరుకు పదివేల స్థాయిలోనే కేంద్రకాలు, అంటే వజ్రపు మొలకలు, పుడతాయి. సుమారు 5 నానోమీటర్ల వజ్రపు రేణువులను ముందుగా బాగా చల్లితే ఆ సంఖ్య వెయ్యి కోట్లు దాటుతుంది. తంతువుల పని ఈ రేణువులను మోసుకెళ్ళడమే. వాటిని నీటిలో కరిగే పాలిమర్ అయిన పాలీవినైల్ ఆల్కహాల్ ద్రావణంలో కలిపి, వేల వోల్టుల విద్యుత్తుతో సూది కొన నుండి సన్నని పోగులుగా లాగి సిలికాన్ మీద పరుస్తాము. ఆ తర్వాత ప్లాస్మాలోని హైడ్రోజన్ పరమాణువులు పాలిమర్‌ను హరిస్తాయి, వజ్రపు రేణువులు నిలిచి పెరుగుతాయి.

ఒక నవంబరులో, వాన ఎడతెరిపి లేకుండా కురుస్తున్న వారంలో, నేను పరచిన పోగులు కంటికి చక్కగానే కనిపించాయి. మీథేన్ ఒక శాతం, మిగిలినదంతా హైడ్రోజన్, సిలికాన్ వేడి 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఏ అంకె మారలేదు. అయినా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే పొరకు బదులు విడివిడి దిబ్బలు, వాటి మధ్య బట్టబయలుగా సిలికాన్ కనిపించాయి. లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తించే రామన్ వర్ణపటంలో సెంటీమీటరుకు 1332 తరంగాల దగ్గర వజ్రపు శిఖరం ఉన్నందువల్ల తప్పు పెరుగుదలలో లేదని తేలింది, కాని కారణం దొరకడానికి మూడు వారాలు పట్టింది. గాలిలోని తేమ వల్ల నీరు ఆరకముందే పోగులు సిలికాన్‌ను చేరి, ఒకదానిలో ఒకటి కరిగి, బొట్లుగా ముద్దకట్టాయి. తేమను పీల్చే సిలికా జెల్ పెట్టిన మూసిన పెట్టెలో పోగులు లాగిన తర్వాత పొర అతుకు లేకుండా వచ్చింది.

నేను చదివిన వ్యాసాలలో వోల్టేజి, సూదికీ పలకకూ దూరం, ద్రావణపు గాఢత అన్నీ ఉన్నాయి. ఆనాటి గది తేమ మాత్రం ఎక్కడా లేదు. సముద్రతీర నగరంలో పనిచేసే విద్యార్థికి అన్నిటికంటే ముందు కావలసిన అంకె అదే. లక్షల రూపాయల ప్లాస్మా యంత్రం గురించి పేజీలు నింపి, పొర భవితవ్యాన్ని తేల్చే విత్తడాన్ని, అంటే వజ్రపు రేణువులు చల్లడాన్ని, రెండు వాక్యాలలో ముగించడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

మీది బల్లపరుపు సిలికాన్ పలక అయితే తంతువుల శ్రమ అక్కరలేదు, వజ్రపు రేణువులు కలిపిన ద్రవంలో ముంచి అల్ట్రాసౌండ్ ఇస్తే చాలు. ఆ కుదుపుకు తట్టుకోలేని సున్నితమైన ఉపరితలానికైనా, రంధ్రాలు గల వజ్రపు ఎలక్ట్రోడ్‌కైనా తంతువులే మేలని నా నమ్మకం. ఎలక్ట్రోడ్‌కు పోగులను వదులుగా పరచండి. అతుకు లేని పొర కావాలంటే ఖాళీలు మిగలనంత దట్టంగా పరచి, పెట్టెలోని తేమ అంకెను ప్రతి నమూనా పక్కన రాసుకోండి.