మిస్సింగ్ కేసు మర్డర్ కేసుగా ఎప్పుడు మారుతుంది? శవం దొరికితేనేనా?

కాగితం మీద మార్చడం చిన్న పని. క్రైమ్ నంబరు అదే ఉంటుంది, 'మ్యాన్ మిస్సింగ్' అని ఉన్న చోట హత్య సెక్షన్లు పెట్టి కోర్టుకు ఒక మెమో పంపుతారు, అంతే. అప్పట్లో ఐపీసీ 302 (హత్య), 201 (సాక్ష్యాలు మాయం చేయడం). 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్‌లో 103, 238. శవం దొరికి తీరాలన్న రూలేమీ లేదు, మిగతా సాక్ష్యాలు గట్టిగా ఉంటే శవం లేకపోయినా శిక్ష వేయొచ్చని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది.

ఆ మెమో దాకా రావడమే అసలు తలనొప్పి. నాకెలా తెలుసంటే, సాగర్ ఎడమ కాలువ పక్క ఊళ్లో నాది ఫొటో స్టూడియో. ఇంట్లో మనిషి కనపడకపోతే ఫొటో పెద్దది చేయించుకోవడానికి వచ్చేది మా దగ్గరికే, కాలువలో శవం తేలితే కానిస్టేబుల్ వచ్చి కెమెరా తీసుకుని ఎక్కు బండి అనేదీ మమ్మల్నే. ఆధారాలు సేకరించే క్లూస్ టీములు ప్రతి చోటికీ రాని రోజులు. ఆ ఫొటోల బిల్లులు ఎప్పుడొచ్చేవో, అసలు వచ్చేవో లేదో, దాని గురించి ఎవరైనా వేరే ప్రశ్న అడగండి, కడుపు నిండా రాస్తాను.

అప్పుడే డిజిటల్ కెమెరా కొన్నాను. ఒకావిడ వాళ్ల మామగారిని వెంటబెట్టుకుని వచ్చింది. భర్త కనపడటం లేదు, స్టేషన్లో ఫొటో తెమ్మన్నారు. ఇంట్లో ఉన్నది ఒక్క పెళ్లి గ్రూపు ఫొటో, అందులో ఆయన వెనక వరసలో గళ్ల చొక్కా వేసుకుని, ఎవరిదో పూలజడ అడ్డమొచ్చి సగమే కనపడుతున్నాడు. దాన్ని స్కాన్ చేసి మొహం వరకు కట్ చేస్తున్నంతసేపూ ఆవిడ ఒకటే మాట: "కళ్లద్దాలు ఇంట్లనే ఉన్నయన్నా, అవి లేకుండ బజారుకు గూడ పోడు." స్టేషన్లోనూ ఇదే చెప్పిందట. అప్పులున్నాయా అని అడిగి, ఉన్నాయనేసరికి, ఎటో పోయుంటాడు, నాలుగు రోజులు చూడమ్మా అని పంపించారట. మామగారు కూడా ఆ మాటే పట్టుకుని కూర్చున్నాడు. కొడుకు అలిగి తిరుపతి పోయాడనుకుంటే కనీసం రాత్రి నిద్రపడుతుంది కదా.

కొద్దిరోజులకు కాలువ లాకుల దగ్గర శవం తేలింది. అది ఇంకో స్టేషన్ పరిధి. మొహం గుర్తుపట్టేలా లేదు. ఎస్సై చెబుతుంటే రైటర్ రాసుకుంటున్నాడు: వయసు సుమారు 35 నుంచి 40, చామనఛాయ, గళ్ల చొక్కా, సీఆర్పీసీ 174 సెక్షన్ కింద అనుమానాస్పద మృతి. పేపర్లో మూలన వచ్చే నాలుగు లైన్ల వార్త అలా తయారవుతుంది. నేను అలవాటు ప్రకారం అన్ని వైపుల నుంచీ తీసి, చివర్లో కాలర్ తిప్పి లోపలి టైలర్ లేబుల్ క్లోజప్ తీశాను. చూస్తే మా బజారు టైలర్ పేరే. ఆ గళ్లు అప్పటికే నా కంప్యూటర్లో ఉన్నాయి, అక్కడికక్కడే ఎస్సైకి చెప్పాను.

పోస్టుమార్టంలో మెడ దగ్గర ఎముక విరిగిందని తేలింది. కాల్ లిస్టు తీశారు, కలిసి చీటీలు నడిపినవాడు దొరికాడు, సెక్షన్లు మారాయి. వాడి కథ మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. నాకు మండేది ఏంటంటే, ఆ రెండు స్టేషన్ల మధ్య బైక్ మీద అరగంట దూరం. ఒక దాంట్లో శవం లేని పేరు, ఇంకో దాంట్లో పేరు లేని శవం, ఈ రెండూ కలిసింది ఏ ఆఫీసులోనూ కాదు, నా స్టూడియోలో.

ఇదేదో పాతకాలం ముచ్చట అనుకోకండి. 2020 మార్చిలో సంజయ్‌కుమార్ యాదవ్ అనేవాడు ఒకావిడను బెంగాల్ తీసుకెళ్తానని వరంగల్‌లో రైలెక్కించి, మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి తాగించి, చంపి రైల్లోంచి తోసేశాడు. పశ్చిమ గోదావరి జిల్లాలో రైల్వే పోలీసుల దగ్గర ఆమె గుర్తుతెలియని శవం. ఇక్కడేమో ఆమె ఏదిరా అని బంధువులు వాణ్ని అడుగుతున్నారు. పోలీసుల దగ్గరికి పోతామనేసరికి మే నెలలో వరంగల్ దగ్గరి గొర్రెకుంటలో ఆ బంధువులతో కలిపి 9 మందిని నిద్రమాత్రలతోనే మత్తులో ముంచి బావిలో పడేశాడు. అక్టోబరులో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. ఆ మొదటి శవానికి పేరు దొరికుంటే ఆ తొమ్మిది మందీ బతికేవాళ్లు, ఎవరేమన్నా నేను ఇదే అంటాను. యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ ఇంకా ఘోరం. 2019 ఏప్రిల్‌లో ఒక బడిపిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికాక వెతికితే, మార్చిలో మాయమైన అమ్మాయి, 2015లో మాయమైన పాప, ఇద్దరి అవశేషాలూ అక్కడి బావుల్లోనే బయటపడ్డాయి. ఆడపిల్ల కనపడకపోతే ఎవరితోనో పోయుంటుంది, మగాడైతే అప్పులకు భయపడి పోయుంటాడు, మన దేశంలో దర్యాప్తు ఈ రెండు వాక్యాలతోనే మొదలవుతుంది. ఇరుగుపొరుగు కూడా తక్కువేం కాదు, పరామర్శకు వచ్చి ఆ రెండు వాక్యాలే చెప్పి టీ తాగి పోతారు.

నా లెక్క ఒకటే. కళ్లద్దాలో, రోజూ వేసుకునే మందులో, ఫోన్ చార్జరో ఇంట్లో వదిలి పోయిన మనిషి తనంతట తాను పోలేదు. ఆ ముక్క కంప్లయింట్‌లో రాయించండి, నోటితో చెబితే గాల్లో కలుస్తుంది. 24 గంటలు ఆగి రండి అనేది సినిమా రూలు, ఏ చట్టంలోనూ లేదు. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (ముందు ఇక్కడే కేసు రాసుకుని, తర్వాత ఆ పరిధి స్టేషన్‌కు పంపేది) అడగండి, కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఫొటో మాత్రం దయచేసి ఫిల్టర్ లేనిది ఇవ్వండి. ఈ మధ్య అందరూ సెల్ఫీలే తెస్తున్నారు, పుట్టుమచ్చలు లేవు, మచ్చలు లేవు, అందరూ ఒకే తెలుపు. పోలీసు కాగితంలో చామనఛాయ అని రాసుంటే ఆ ఫొటో పట్టుకుని ఎవరు పోల్చుకుంటారు? ఆ రోజు వేసుకున్న బట్టలతో ఏ ఫొటో ఉన్నా, ఎంత మసకగా ఉన్నా, అదే ముందు తీసుకురండి.