దేవుడు ముందే నిర్ణయించేస్తే ఇక నా ఇష్టంతో పనేముంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే ఏర్పరచుకున్నాడని కాల్వినిస్టులు, అంటే 16వ శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్లు అంటారు. మరి నేను నమ్మడం, నమ్మకపోవడం నా చేతుల్లో లేనట్టేనా? ఇది తలరాతకు ఇంకో పేరు కాదా?

కాదనే నేనంటాను. కాల్విన్ బోధను అనుసరించే సంఘంలోనే చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ వాదన ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు నేనే మొదలుపెట్టానో చెప్పలేను. అయినా మిమ్మల్ని పూర్తిగా ఒప్పించేస్తానని మాత్రం అనను.

నువ్వేం చేసినా జరగాల్సింది జరుగుతుందనేది తలరాత. జరగాల్సింది నువ్వు చేసే పనుల ద్వారానే జరుగుతుందనేది కాల్వినిజం. ఈ తేడా చెప్పడానికి మా బైబిల్ స్టడీ నడిపే పెద్దాయన దేవుని ఏర్పాటు గురించి అందరూ తీసే రోమా పత్రిక 9వ అధ్యాయం తీయలేదు, అపొస్తలుల కార్యములు 27 తీశారు. పౌలును ఖైదీగా తీసుకెళ్తున్న ఓడ తుఫానులో చిక్కుకుంది. అందులో 276 మంది ఉన్నారు. ఒక్క ప్రాణానికీ నష్టం రాదని దేవుని దూత తనకు చెప్పాడని పౌలు అందరికీ ధైర్యం చెబుతాడు. అంటే నిర్ణయం అయిపోయినట్టే. కానీ కాసేపటికి నావికులు ముందు వైపు లంగర్లు వేస్తున్నట్టు నటిస్తూ, చిన్న పడవ దించుకుని జారుకోబోతారు. అప్పుడు అదే పౌలు శతాధిపతితో, వీళ్లు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరు అంటాడు. సైనికులు తాళ్లు కోసి పడవను వదిలేస్తారు.

"దేవుడు మాట ఇచ్చాక తాళ్లు కోయడం దేనికి?" అని ఆయన మమ్మల్ని అడిగారు. ఎవరం వెంటనే నోరు విప్పలేదు. అందరూ ఒడ్డుకు చేరడంతో పాటు ఆ తాళ్లు తెగడం కూడా దేవుని నిర్ణయంలో భాగమే అన్నది కాల్వినిస్టు జవాబు. 1646లో ఇంగ్లండులో పూర్తయిన కాల్వినిస్టు ప్రమాణ పత్రం, వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 3వ అధ్యాయం చెప్పేదీ ఇదే: జరిగే ప్రతిదాన్నీ దేవుడు నిర్ణయించాడు, అయినా ఆయన పాపానికి కర్త కాడు, మనుషుల చిత్తాన్ని బలవంతం చేయడు, మధ్యలో పనిచేసే కారణాల స్వేచ్ఛను తీసేయడు. ప్రార్థన, సువార్త ప్రకటన కూడా ఆ మధ్యలోని కారణాలే. మన దేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ పక్కా కాల్వినిస్టు బాప్టిస్టు. అన్యజనులకు సువార్త చేరవేయడానికి క్రైస్తవులు పూనుకోవాల్సిందేనని 1792లో రాసి, మరుసటి ఏడాది తానే ఓడెక్కాడు.

ఇక స్వేచ్ఛా చిత్తం. అసలు చిక్కంతా ఇక్కడే. మనిషి తనకు నచ్చిందే ఎంచుకుంటాడు, అందులో కాల్వినిస్టుకు అభ్యంతరం లేదు. ఆ నచ్చడం ఎక్కడి నుంచి వస్తుంది అన్నదే ప్రశ్న. అమెరికాలోని కాల్వినిస్టు పాస్టరు జొనాథన్ ఎడ్వర్డ్స్ 1754లో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాసి, చేతకాకపోవడం రెండు రకాలన్నాడు: శక్తి లేక చేయలేకపోవడం, మనసు రాక చేయలేకపోవడం.

పుస్తకం చదవకముందే ఆ రెండోది నాకు బాగా తెలుసు. ఒకరిని క్షమించాల్సి ఉండేది. నన్ను ఆపేవాళ్లు లేరు, ఫోన్ చేతిలోనే ఉంది, నంబరూ ఉంది. మనసే రాలేదు. మనసు తెచ్చుకుందామన్నా వచ్చేది కాదు. తర్వాతెప్పుడో ఫోన్ చేశాను. చేసింది నేనే, నన్నెవరూ బలవంతపెట్టలేదు. కానీ చేయాలన్న ఆ కోరికను నేను పుట్టించానని మాత్రం చెప్పలేను. కృప పనిచేసే తీరు ఇదేనని కాల్వినిస్టులు అంటారు. 1618-19లో నెదర్లాండ్స్‌లో కాల్వినిస్టు సంఘాలు జరిపిన డార్ట్ మహాసభ తీర్మానాలు కూడా, కృప మనుషులను మొద్దుల్లా, రాళ్లలా చూడదని, చిత్తాన్ని రద్దు చేయకుండా బాగుచేస్తుందని స్పష్టంగానే చెప్పాయి.

ఆర్మీనియస్ అనే డచ్ వేదాంతి బోధను అనుసరించే ఆర్మీనియన్లు దీన్ని ఒప్పుకోరు. మనిషి పాపంలో చచ్చి ఉన్నాడని, కృప ముందుగా కదిలించాలని వాళ్లూ అంటారు. కానీ ఆ కృపను కాదనే వీలు మనిషికి ఉందంటారు. ఆర్మీనియస్ 1609లో చనిపోతే, మరుసటి ఏడాది ఆయన అనుచరులు ఐదు అంశాలతో ఒక పత్రం సమర్పించారు. కాల్వినిజం ఐదు సూత్రాలని ఇప్పుడు మనం చెప్పుకునేవి ఆ పత్రానికి డార్ట్‌లో ఇచ్చిన జవాబులే. కాల్విన్ అప్పటికే చనిపోయి యాభై ఏళ్లు దాటింది.

ఆర్మీనియన్లు వేసే ఒక ప్రశ్న దగ్గర మాత్రం నేనూ ఆగిపోతాను. కోరికను కూడా దేవుడే ఇవ్వాలంటే, అందరికీ ఎందుకు ఇవ్వడు? అందరూ రక్షణ పొందాలని ఆయన కోరుతున్నాడని 1 తిమోతి 2లో ఉంది కదా? అక్కడ అందరూ అంటే అన్ని రకాల మనుషులని కొందరు, దేవునికి బయలుపరచిన చిత్తం, రహస్య చిత్తం అని రెండు ఉన్నాయని ఇంకొందరు అంటారు. రెండూ విన్నాను, రెండూ నాకు అతికించినట్టే అనిపిస్తాయి. దేవుని ఈ నిర్ణయం భయం పుట్టించేదేనని కాల్విన్ కూడా తన ప్రధాన గ్రంథంలో ఒప్పుకున్నాడు. ఆ మాట దాటవేసి ఈ సిద్ధాంతాన్ని హుషారుగా బోధించేవాళ్లంటే నాకు అనుమానం.

ఇంకా చిరాకు పుట్టించేది వేరే ఉంది. మా తాతయ్య విశ్వాసి కాదు. ఆయన పోయినప్పుడు సంఘంలో ఒకరు, ఆయన ఏర్పాటులో లేడేమో అనేశారు. ఆ మాటన్న మనిషికి దేవుడు ఏర్పరచుకున్నవాళ్ల లిస్టు ఎవరు చూపించారు? కాల్వినిస్టు సంప్రదాయమే దీన్ని ఒప్పుకోదు. 1566 నాటి స్విస్ సంఘాల రెండవ హెల్వెటిక్ విశ్వాస ప్రమాణం, అందరి విషయంలోనూ మంచే ఆశించమని, తొందరపడి ఎవరినీ తృణీకరించబడినవారి, అంటే దేవుడు ఏర్పరచుకోనివారి లెక్కలో వేయొద్దని చెబుతుంది.

మీరు అడగలేదు గానీ, ఈ ప్రశ్న వెనక చాలామందికి ఇంకో టెన్షన్ ఉంటుంది: నేను ఏర్పాటులో ఉన్నానా, లేనా? మీదీ అదే అయితే, దేవుని రహస్య నిర్ణయాన్ని తవ్వి చూడొద్దని, క్రీస్తును చూడమని కాల్విన్ జవాబు. డార్ట్ తీర్మానాల మొదటి భాగంలోని 16వ అంశం కూడా చదవండి. తమలో గట్టి విశ్వాసం ఇంకా కనిపించనివాళ్లు తృణీకారం అన్న మాట విని బెదరొద్దని, వాక్యం వినడం, ప్రార్థించడం మానకుండా ఎదురుచూడమని అందులో ఉంది.